గుండెపోటు: గంగూలీకి అందిన వైద్యం మన ఊళ్లకు చేరేదెప్పుడు?

2021 జనవరి 2న కోల్‌కతాలో సౌరవ్ గంగూలీకి గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు. ఇంట్లో వ్యాయామం చేస్తుండగా ఛాతీలో ఇబ్బంది అనిపించింది. వుడ్‌ల్యాండ్స్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అదే రోజు యాంజియోప్లాస్టీ చేసి, కుడివైపు రక్తనాళంలో స్టెంట్ వేశారు. మిగతా నాళాల్లోనూ పూడికలు ఉండటంతో జనవరి 28న అపోలో ఆస్పత్రిలో మరో రెండు స్టెంట్లు వేశారు.

అంతటి క్రీడాకారుడికే గుండెపోటు ఎలా వచ్చిందని అప్పట్లో దేశమంతా చర్చించింది. కుటుంబంలో గుండె జబ్బుల చరిత్ర ఉన్నట్టు ఆస్పత్రి బులెటిన్‌లోనే చెప్పారు. కానీ అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మీద పెద్దగా చర్చ జరగలేదు. అదే గుండెపోటు కోల్‌కతాలో కాకుండా 120 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్‌లో వస్తే ఏమవుతుంది? తరతరాలుగా రైల్వేను నమ్ముకుని వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరది. పోనీ, శ్రీకాకుళం జిల్లాలోని ఏ మారుమూల మండలంలోనో వస్తే?

మిగతా నాళాలకూ స్టెంట్లు అవసరమా?

గంగూలీకి రెండు విడతలుగా వైద్యం చేయడం వెనుక స్పష్టమైన ఆధారమే ఉంది. గుండెపోటుకు కారణమైన నాళాన్ని తెరిచాక, మిగతా నాళాల్లోని పెద్ద పూడికలను వదిలేయాలా, వాటికీ స్టెంట్లు వేయాలా అన్నది వైద్యుల్లో చాలాకాలం నలిగిన ప్రశ్న. 31 దేశాల్లో 4,041 మంది రోగులపై జరిగిన 'కంప్లీట్' అధ్యయనం 2019లో దానికి జవాబు చెప్పింది. ఒక్క నాళంతో ఆపేసిన వారిలో సుమారు మూడేళ్లలో 10.5 శాతం మందికి మళ్లీ గుండెపోటు రావడమో, గుండె జబ్బుతో మరణించడమో జరిగింది. అన్నీ సరిచేయించుకున్న వారిలో అది 7.8 శాతమే.

అలాగని పూడిక కనిపించిన ప్రతిచోటా స్టెంట్ వేయాలని కాదు. గుండెపోటు రాకుండా, నిలకడగా ఉన్న జబ్బు విషయంలో లెక్క వేరు. 37 దేశాల్లో 5,179 మందిపై జరిగిన 'ఇస్కీమియా' అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. అలాంటి రోగులకు ముందుగానే స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, మంచి మందులతో మొదలుపెట్టిన వారితో పోలిస్తే మరణాలు తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఉపశమనం మాత్రం దొరికింది. 'బ్లాక్ ఉంది, రేపే స్టెంట్' అని ఎవరైనా తొందరపెడితే, ఇది గుండెపోటా, నిలకడగా ఉన్న జబ్బా అని అడగడం రోగి హక్కు.

స్టెంట్ ధర ఇప్పుడు ఒకప్పటిలా లేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. మందు పూత ఉన్న స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు. అంతకుముందు మందు పూత స్టెంట్ లక్ష దాటి పలికేది. పశ్చిమ బెంగాల్‌లో స్వాస్థ్య సాథీ, తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వచ్చాక డబ్బు అడ్డంకి కొంత తగ్గింది. తగ్గనిది దూరం.

అసలు శత్రువు ఆలస్యం

2008లో ప్రచురితమైన 'క్రియేట్' అధ్యయనం మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆస్పత్రుల్లో 20,468 మంది రోగులను పరిశీలించింది. నొప్పి మొదలైన తర్వాత ఆస్పత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు. నెల రోజుల్లో మరణించినవారు సంపన్నుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. జబ్బు ఒకటే, అందిన వైద్యంలోనే తేడా.

నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు నిమిషం నిమిషానికీ గుండె కండరం చచ్చిపోతుంటుంది. గుండెపోటును గుర్తించిన రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే మేలు. అలా కుదరనప్పుడు దగ్గర్లోని ఆస్పత్రిలోనే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత పెద్దాస్పత్రికి పంపాలి. ఇది రాజీ వైద్యం కాదు. 2013లో వచ్చిన 'స్ట్రీమ్' అధ్యయనంలో నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చి, గంటలోపు యాంజియోప్లాస్టీ అందని 1,892 మందిని పరిశీలించారు. టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ తీసుకున్నవారి ఫలితాలు, నేరుగా యాంజియోప్లాస్టీ చేయించుకున్నవారి ఫలితాలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం ముప్పు కొంత ఎక్కువ. 75 ఏళ్లు దాటినవారికి సగం మోతాదు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే.

ఇది మన దేశంలో సాధ్యమేనా? సాధ్యమేనని తమిళనాడు చూపించింది. చిన్న ఆస్పత్రులను పెద్దాస్పత్రులతో కలిపి, ఈసీజీని ఫోన్‌లో పంపించే ఏర్పాటు చేశారు. 2,420 మంది రోగులతో జరిగిన ఆ అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న వైద్యాన్ని సకాలంలో అందించారు, అంతే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఇదే బాటలో స్టెమీ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాదాపు 40 వేల రూపాయల ఖరీదైన టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వడం దీని ఉద్దేశం. ఇది గోదావరి జిల్లాలకు మరీ అవసరం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. గుండె జబ్బు పట్నం జబ్బన్న మాట అప్పటికే అబద్ధమైపోయింది.

ఇంటికొచ్చాక మందులు

స్టెంట్ వేయించుకోవడంతో జబ్బు నయమైపోయినట్టు కాదు. ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మందులు వాడుతూనే ఉండాలి. ఈ మందులను కలిపి ఒకే మాత్రగా ఇచ్చే పాలీపిల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అప్పటికి గుండెపోటు రాకపోయినా ముప్పు ఉన్నవారిపై జరిగిన 'టిప్స్-3' అధ్యయనంలో దాదాపు సగం మంది భారతీయులే. పాలీపిల్‌తో పాటు ఆస్పిరిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 31 శాతం తగ్గాయి.

మరోవైపు, దశాబ్దాలుగా గుండెపోటు రోగులందరికీ రాసిన బీటా బ్లాకర్లు ఇప్పుడు పునఃపరిశీలనలో ఉన్నాయి. గుండె పంపింగ్ బాగున్నవారికి వీటి వల్ల ప్రయోజనం లేదని 2024లో స్వీడన్ కేంద్రంగా జరిగిన అధ్యయనం, 2025 ఆగస్టులో స్పెయిన్, ఇటలీల 'రీబూట్' అధ్యయనం చెప్పాయి. రీబూట్‌తో పాటే వెలువడిన డెన్మార్క్, నార్వేల అధ్యయనం మాత్రం కొంత మేలుందని తేల్చింది. కాబట్టి ఇది వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాల్సిన విషయం. సొంతంగా మాత్రలు మానేయడం ప్రమాదం.

అడగాల్సిన ప్రశ్నలు

2022 మే 31న కోల్‌కతాలోని నజ్రుల్ మంచ్‌లో పాడిన కాసేపటికే గాయకుడు కేకే 53 ఏళ్లకే మరణించారు. గుండెపోటే కారణమని పోస్టుమార్టంలో తేలింది. పెద్దాస్పత్రులున్న మహానగరంలో ఉన్నా, సమయానికి వైద్యం అందకపోతే లాభం లేదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు, కారణం లేని ఆయాసం కనిపిస్తే గ్యాసేమోలే అని ఆగకూడదు. వెంటనే ఈసీజీ తీయించాలి. తెలుగు రాష్ట్రాల్లో అయితే 108కి ఫోన్ చేయాలి.

పాలకులను అడగాల్సినవి వేరే ఉన్నాయి. మన మండలానికి దగ్గర్లోని ఆస్పత్రిలో ఈసీజీ యంత్రం రాత్రి రెండు గంటలకూ పనిచేస్తుందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉందా? దాన్ని ఇవ్వగల వైద్యుడు డ్యూటీలో ఉన్నాడా? ఎవరికి ఏ వైద్యం పనిచేస్తుందో పరిశోధన చాలావరకు చెప్పేసింది. అది రోగి దగ్గరికి గంటలో చేరేలా చూడటం ప్రభుత్వాల పని.