పుర్రె పక్కన గులాబీలు

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మన పెద్దలు మూడు వైరాగ్యాలు చెప్పారు. మూడూ పూట గడిచేదాకానే. ఈ మూడోదాన్ని మాత్రం చట్రం కట్టించి ఇంటి గోడకు తగిలించుకున్నవాళ్లు ఉన్నారంటే నమ్ముతారా? పదిహేడో శతాబ్దంలో హాలండు జనం ఆ పని చేశారు.

బల్లమీద వస్తువులు పేర్చి వేసే బొమ్మను ఇంగ్లీషువారు స్టిల్ లైఫ్ అంటారు. ఫ్రెంచివారు మరీ నిర్మొహమాటంగా 'మృతప్రకృతి' అనేశారు. అందులో ఒక శాఖ వానిటాస్. లాటిన్‌లో వ్యర్థమని అర్థం. బైబిలులోని ప్రసంగి గ్రంథం నుంచి వచ్చిన మాట. పుర్రె, ఇసుక గడియారం, ఆరిపోయిన కొవ్వొత్తి, వాడబోయే పువ్వు దీని ఓనమాలు. లైడెన్ పట్నం ఈ బొమ్మలకు పుట్టిల్లులాంటిది. 1575 నుంచీ విశ్వవిద్యాలయమున్న ఊరు. పుస్తకాలకూ పుర్రెలకూ కరువు లేదు.

చమత్కారమేమిటంటే, సంపద వ్యర్థమని చెప్పటానికి పూనుకున్న చిత్రకారుడు వెండిగిన్నె మీది మెరుపును ఎంత మురిపెంగా దిద్దుతాడో! పీటర్ క్లాస్ ఒక బొమ్మలో పుర్రె, ఫిడేలు పెట్టి, పక్కనే గాజుగోళం ఉంచి, బొమ్మ వేస్తున్న తన ప్రతిబింబాన్ని అందులో ఇరికించాడు. లోకమంతా పోవచ్చు, తను మాత్రం ఉండాలి! ఈ బలహీనత చూసే నాకు వీళ్లమీద అభిమానం. ఉత్త ఉపదేశమైతే ఎవరు చూడొచ్చారు?

నన్ను కట్టిపడేసింది మాత్రం డేవిడ్ బైలీ 1651లో వేసిన చిత్రం. లైడెన్‌లోనే లాకెన్‌హాల్ మ్యూజియంలో ఉంది. నేను చూసింది అచ్చులో. ఎడమవైపు ఒక యువకుడు కూర్చుని ఉంటాడు. ఒక చేతిలో, బొమ్మ వేసేటప్పుడు చెయ్యి వణక్కుండా ఆనించుకునే కర్ర. రెండో చేత్తో బల్లమీద ఒక చిన్న పటం నిలబెట్టి మనకు చూపిస్తుంటాడు. అందులో ఒక పెద్దాయన. బల్లనిండా పుర్రె, గులాబీలు, ముత్యాలు, నాణేలు, ఒరిగిపోయిన గాజుగ్లాసు. గాలిలో సబ్బుబుడగలు. బతుకును బుడగతో పోల్చటం మన వేదాంతుల సొత్తేమీ కాదన్నమాట.

కుర్రవాడు తండ్రి పటమో గురువు పటమో చూపిస్తున్నాడని అనుకుంటాం. తిరకాసంతా అక్కడే ఉంది. పటంలోని పెద్దాయన బైలీ, అప్పటికి అరవయ్యేడేళ్లవాడు. కుర్రవాడూ బైలీయేనని చాలాకాలంగా పండితులు చెబుతున్న మాట. కాదు, శిష్యుడన్నవారూ లేకపోలేదు. నేను మొదటి పక్షం. అలాగైతే, ఎదురుగా ఊపిరి తీస్తున్నట్టు కూర్చున్నవాడు ఎప్పుడో నలభై ఏళ్ల కిందటే లేకుండా పోయాడు. బతికున్నవాడు జానెడు పటంలో ఉన్నాడు. ఇక పుర్రెతో పనేముంది?

మా ఇంట్లో మా నాన్నగారి పెళ్లినాటి ఫోటో ఉంది. అప్పటికాయనకు పాతికేళ్లు. నాకిప్పుడు నలభై ఆరు. ఆ మధ్య మా అమ్మాయి దాన్ని తుడుస్తూ, "తాతయ్య నీకంటే ఎంత చిన్నవాడో నాన్నా!" అంది. నాకు జవాబు దొరకలేదు.

ఆ చిత్రం వేసిన ఆరేళ్లకు, 1657లో, బైలీ పోయాడు. అందులో కుడివైపు బల్ల అంచున ఒక కాగితం ముక్క వేలాడుతుంటుంది. సమస్తమూ వ్యర్థమన్న లాటిన్ మాట దానిమీద రాశాడు. ఆ కాగితం మీదే పొందికగా తన పేరూ, సంవత్సరమూ వేసుకున్నాడు.