చీనీపూతకు వయసుందా?

"నలభై దాటాక నిమ్మవాసనేమిటమ్మా? మల్లె సెంటు తీసుకో, నిండుగా ఉంటుంది" అంది మా వదిన, అనంతపురం దుకాణంలో రెండు సీసాలూ వాసన చూసి.

నిండుతనమట! పెళ్లికాని పిల్లలకు నిమ్మ, సంసారికి మల్లె అని ఎవరు రాసిపెట్టారండీ? నిమ్మ త్వరగా ఎగిరిపోతుందంటే ఒప్పుకుంటాను. మా ఎండలకు అరగంట ఆగితే గొప్ప. మల్లె సాయంత్రందాకా అంటిపెట్టుకుని ఉంటుంది. అది సరుకు గుణం, నా వయసు గుణం కాదు.

అసలు చీనీతోటల సీమలో ఈ తగువేమిటి? నీళ్లాపి బెట్టకు పెట్టి, మళ్లీ తడిపెడితే చీనీచెట్టు తెల్లగా పూస్తుంది. కాయేమో నిమ్మజాతి, పూత పరిమళమేమో మల్లెకు చెల్లెలు. బోరు ఎండి, కొట్టేయబోయే చెట్టయినా పూసిందంటే అదే వాసన!

నిమ్మ సీసానే కొన్నాను. వదిన ఇంటిదాకా మాట్లాడలేదు. మర్నాడు పెళ్లికి బయల్దేరుతూ మాత్రం, "ఏదీ, ఇటు కాస్త చల్లమ్మా" అంది.