పది నిమిషాల రూలు

‘మానవ తప్పిదం’ అనే మాట మీద నాకు చాలాకాలంగా కోపం. ఎక్కడో ఏదో పేలుతుంది, పగులుతుంది, తగలబడుతుంది. రెండు రోజుల తర్వాత పేపర్లో లోపలి పేజీలో వస్తుంది: ప్రాథమిక విచారణలో మానవ తప్పిదమే కారణమని తేలింది. ఆ వాక్యంలో మానవుడు ఎవరో చెప్పక్కర్లేదు. రాత్రి షిఫ్టులో ఉన్నవాడు. గొట్టానికి పూత సరిగ్గా వేయించనివాడూ మానవుడే, తుప్పు రిపోర్టు చూసి పక్కన పెట్టినవాడూ మానవుడే, మనుషులు చాలరని తెలిసీ కొత్త పోస్టు ఇవ్వనివాడూ మానవుడే. వాళ్ళు చేసినవాటిని మాత్రం ఎవరూ తప్పిదాలనరు. ‘నిర్ణయాలు’ అంటారు.

నేను రాయడం మొదలుపెట్టకముందు మూడేళ్ళు ఒక గ్యాస్ లైన్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, మిగతావాటికి అది పెద్ద తేడా కాదు. కంట్రోల్ రూమ్ అంటే సినిమాల్లో చూపించేలాంటి గోడనిండా తెరలూ, పరుగులూ ఏమీ ఉండవు. చలి పుట్టే ఏసీ, నాలుగు మానిటర్లు, ఒక లాగ్ బుక్కు, ఒక ఫ్లాస్కు. మన పని గొట్టాన్ని చూడడం కాదు, గొట్టం గురించిన అంకెల్ని చూడడం. ఆ అంకె నిజమా, సెన్సర్ పాడైందా అన్నది పన్నెండు గంటల పాటు మళ్ళీ మళ్ళీ తేల్చుకోవాలి. అలారం మోగుతుంది, ఎక్‌నాలెడ్జ్ కొడతాం. మళ్ళీ మోగుతుంది, మళ్ళీ కొడతాం. ఒక్కో రాత్రి చెయ్యి దానంతటదే కొట్టేది. నిద్రలో దోమని కొట్టినట్టు.

ఈ పని ఎంత పెద్ద విషయమో నాకు తెలిసింది ఆ ఉద్యోగంలో కాదు, మానేశాక. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊరి దగ్గర జరిగిన సంగతి మీద అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, ఇచ్చిన రిపోర్టు చదివినప్పుడు. నవలలు చదివేవాళ్ళెవరైనా ఆ రిపోర్టు చదవాలని నేను మొహమాటం లేకుండా చెప్తాను. అందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు, అందుకే భయం వేస్తుంది.

2010 జులై 25, సాయంత్రం 5:58. ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ వాళ్ళ 30 అంగుళాల లైన్ 6బి, 1969లో వేసినది, మార్షల్ బయట చిత్తడినేలలో చీలింది. సరిగ్గా అప్పుడే ముందే అనుకున్న ప్రకారం లైను ఆపుతున్నారు. ఆపరేటర్లు ఉన్నది కెనడాలో, ఎడ్మంటన్‌లో, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో. అలారాలు వచ్చాయి, ప్రెజర్ పడిపోయింది. లైను ఆపుతున్నాం కదా, పడదా మరి అనుకున్నారు.

ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పాలి, ఓపిక పట్టండి. గొట్టం ఎత్తుపల్లాల మీదుగా వెళ్తుంటే లోపల ద్రవం ఒక చోట తెగి, మధ్యలో ఆవిరి నిండిన ఖాళీ ఏర్పడుతుంది. దీన్ని కాలమ్ సెపరేషన్ అంటారు. తెర మీద దాని లక్షణం: ప్రెజర్ పడిపోవడం, పంపినంత అవతలికి చేరకపోవడం. గొట్టం పగిలితే తెర మీద లక్షణం కూడా అదే. కానీ మొదటిదానికి మందు ఇంకా గట్టిగా పంపు కొట్టి ఖాళీని నింపడం. రెండోదానికి మందు వెంటనే ఆపడం. ఒకే జ్వరానికి రెండు మందులు, రెండోది కావాల్సిన చోట మొదటిది ఇస్తే రోగి పోతాడు.

ఎడ్మంటన్‌లో మొదటి మందు ఇచ్చారు. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో లైను మళ్ళీ స్టార్ట్ చేశారు. సుమారు గంటసేపు పంపు చేసి, అవతలికి ఏమీ చేరకపోయేసరికి ఆపారు. 7 దాటాక ఇంకోసారి. ఈలోగా షిఫ్టులు మారాయి. లీకు అలారాలను విశ్లేషించే నిపుణుడు ఇది కాలమ్ సెపరేషనే అన్నాడు, సూపర్‌వైజర్లు అతని మాట మీద ఆనుకున్నారు, ఆపరేటర్లు సూపర్‌వైజర్ల మాట మీద ఆనుకున్నారు. అక్కడ మార్షల్‌లో ముందురోజు రాత్రి నుంచే జనం 911కి ఫోన్లు చేస్తున్నారు, ఏదో వాసన వస్తోందని. ఫైర్ వాళ్ళు వచ్చి వెతికి, ఏమీ దొరక్క వెళ్ళిపోయారు. తర్వాత ఫోన్ చేసినవాళ్ళకి మావాళ్ళు చూసొచ్చారు అని చెప్పారు. చివరికి పొద్దున 11:17కి స్థానిక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఒకరు ఫోన్ చేసి నీళ్ళలో నూనె ఉందని చెబితే కంట్రోల్ రూమ్‌కి తెలిసింది. పదిహేడు గంటలు. కారిపోయింది సుమారు 32 లక్షల లీటర్లు. అందులో 81 శాతం చీలినప్పుడు పోలేదు, ఆ రెండుసార్లు మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పోయింది. టాల్మడ్జ్ వాగు, దాని కింద కాలమజూ నది.

2012లో ఆ బోర్డు అధ్యక్షురాలు డెబొరా హెర్స్‌మన్ కంపెనీ తీరుని మూకీల కాలపు కీస్టోన్ కాప్స్‌తో పోల్చింది. ఒకరి మీద ఒకరు పడిపోతూ పరిగెత్తే జోకర్ పోలీసులు. అది చదివి నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ రాత్రి వాళ్ళు మాట్లాడుకున్నట్టే మేమూ మాట్లాడుకునేవాళ్ళం.

అసలు విషయం ఏమిటంటే ఆ కంపెనీకి ఒక రూలు ఉంది. పది నిమిషాల రూలు. తెర మీద తేడా కనిపించి, పది నిమిషాల్లో కారణం తేలకపోతే, ఎవర్నీ అడక్కుండా లైను ఆపెయ్యాలి. ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1991లో మినసోటాలో గ్రాండ్ రాపిడ్స్ దగ్గర వాళ్ళ లైనే పగిలి, ఆపరేటర్లు గుర్తుపట్టక పంపు చేస్తూ పోయారు. ఆ గుణపాఠం నుంచి పుట్టింది. పంతొమ్మిదేళ్ళు అది ఫైల్లో భద్రంగా ఉంది. దాన్ని తప్పించుకోవడానికి అలవాటైన దారులు కూడా దాని పక్కనే పెరిగాయి. కాలమ్ సెపరేషన్ అని పేరు పెడితే చాలు, కారణం తేలినట్టే లెక్క. పది నిమిషాల గడియారం ఆగిపోతుంది.

మరి పైన చూసేవాళ్ళు? ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 1999 జూన్ 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో పెట్రోలు లైను పగిలి, వాగంతా అంటుకుని, పదేళ్ళ పిల్లలిద్దరు, చేపలు పట్టుకుంటున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చనిపోయారు. సరిగ్గా అవసరమైన సమయంలో కంట్రోల్ రూమ్ కంప్యూటర్ మొరాయించింది, నడుస్తున్న సిస్టమ్ మీదే ఎవరో మార్పులు చేస్తున్నారు. కంట్రోల్ రూమ్ ఎలా నడపాలన్న కేంద్ర నియమం వచ్చింది ఎప్పుడు? 2009 డిసెంబర్‌లో. పదేళ్ళు! సరే, వచ్చింది కదా అంటారా. 2010 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉన్నట్టే. కానీ కంపెనీలు తమ పద్ధతుల్ని కాగితం మీద పెట్టడానికి 2011 ఆగస్టు దాకా, వాటిని ఆచరించడానికి 2013 ఫిబ్రవరి దాకా గడువు. మార్షల్ లైను ఈ గడువు మధ్యలో చీలింది. తర్వాత ఆ గడువును హడావుడిగా ముందుకు జరిపారు.

ఆ నియమం చెడ్డదని అనను. అలసట గురించి ఉంది, అలారాల గురించి ఉంది, షిఫ్టు మారేటప్పుడు ఏం చెప్పుకోవాలో ఉంది. నిద్రకి వరసగా ఎనిమిది గంటలు దొరికేలా చూడాలని కూడా ఉంది. మా దగ్గర ఇది చదివి వినిపిస్తే నవ్వేవాళ్ళు. కానీ దాని ఎముక ఏమిటంటే, కంపెనీ తన పద్ధతి తానే రాసుకోవాలి, రెగ్యులేటర్ వచ్చి రాశారా లేదా చూస్తాడు. ఎన్‌బ్రిడ్జ్ పది నిమిషాల రూలు రాసుకుంది కదా! ఆ లెక్కన పాస్. ఆ రెగ్యులేటర్ సంస్థ, పీహెచ్‌ఎంఎస్‌ఏ, ప్రమాదం జరిగితే ఏం చేస్తారో చెప్పే ప్లాన్లు 450కి పైగా చూడడానికి పెట్టుకున్న సిబ్బంది ఒకటిన్నర మనిషి. ఇది ఎన్‌టీఎస్‌బీ రిపోర్టులోని అంకె. ఆ అర మనిషి ఎవరో, మిగతా సగం ఏ పని చేస్తుండేవాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న ఆ మొదటి నియమంలో లేనేలేదు. ఆపరేటర్ ‘ఆపుదాం’ అన్నప్పుడు ‘వద్దు, నడుపు’ అనే అధికారం ఎవరికి ఉంది? అతను ఎవరు, అతనికి ఏం తెలుసు? ఇది రాసిపెట్టాలని చేర్చింది 2017లో. మార్షల్ అయిన ఏడేళ్ళకి.

ఆ ‘నడుపు’ అనే గొంతు నాకు తెలుసు. రెండో ఏడాది వర్షాకాలంలో ఒక రాత్రి, మూడు గంటల వేళ, ఒక స్టేషన్ దగ్గర ప్రెజర్ మెల్లగా దిగడం మొదలైంది. ఎంత మెల్లగా అంటే భయపడాలా వద్దా తెలియనంత. మా దగ్గరా ఒక ప్రొసీజర్ ఉంది, ఆపమనే ఉంది. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, నాకు పని నేర్పిన మనిషి. ‘‘ట్రాన్స్‌మీటర్ అయ్యుంటుందిరా. ఆపితే పొద్దున్న జీఎం గారికి నువ్వు చెప్పుకుంటావా, నన్ను చెప్పమంటావా?’’ అన్నారు. నేను ఆపలేదు. పొద్దున్న చూస్తే నిజంగానే ట్రాన్స్‌మీటరే. లాగ్ బుక్కులో రాశాను: ‘ప్రెజర్ తక్కువ చూపుతున్నట్లు గమనించడమైనది. సంబంధితులకు తెలియజేయడమైనది. నార్మల్.’ గమనించింది ఎవరు, తెలియజేసింది ఎవరికి, భయపడింది ఎవరు? కర్తలేని వాక్యాలు ఎలా రాయాలో నాకు ఏ సాహిత్య గురువూ నేర్పలేదు, ఆ లాగ్ బుక్కే నేర్పింది.

ఆ రాత్రి ఏమీ జరగకపోవడమే జరిగిన నష్టం. ఆ తర్వాత అలాంటిది వచ్చినప్పుడల్లా నేను ఫోన్ కూడా చేయలేదు. ట్రాన్స్‌మీటరే అయ్యుంటుంది అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. మా ఇన్‌చార్జ్ గొంతులోనే.

ఆడిట్లు రాలేదా అంటే వచ్చాయి. పగలు వచ్చాయి. రెండు వారాల ముందే తెలిసేది. ట్రైనింగ్ రికార్డుల్లో ఒకే మధ్యాహ్నం, ఒకే పెన్నుతో ఆరు నెలల సంతకాలు పెట్టాం. ఆడిటర్ గారికి జీడిపప్పు, టీ. ఆయన ఫైలు అడిగారు, ఫైలు ఉంది. నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: ‘‘ప్రొసీజర్ కాపీ అందుబాటులో ఉందా?’’ ఉంది సార్ అన్నాను. నువ్వెప్పుడైనా దీని ప్రకారం లైను ఆపావా, ఆపితే ఏమైంది అని అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకునేవాళ్ళు నగరం గ్రామం పేరు గుర్తు తెచ్చుకోండి. కోనసీమలో, మామిడికుదురు మండలం. 2014 జూన్ 27, ఇంకా సరిగా తెల్లారలేదు. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే గెయిల్ వాళ్ళ 18 అంగుళాల లైను లీకై, గ్యాస్ మంచులాగా పరుచుకుని, అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే మాడిపోయాయి. ఆ రోజు వార్తల్లో అన్నింటికన్నా ఎక్కువగా వినిపించింది టీ కొట్టువాడు స్టవ్ వెలిగించాడన్న సంగతి. మానవ తప్పిదం! పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది, కానీ అంతదాకా చదివినవాళ్ళెంతమంది? మార్షల్‌లోలాగే ఇక్కడా ఊళ్ళోవాళ్ళు గ్యాస్ వాసన గురించి ముందే మొత్తుకున్నామని చెప్పారు. కంట్రోల్ రూమ్‌కి ముక్కు లేదు. ముక్కున్నవాళ్ళ మాట లోపలికి రావడానికి దారి లేదు.

మన దగ్గర చమురు పరిశ్రమ భద్రతను చూసే ఓఐఎస్‌డీ 1986లో పెట్టినది. అది పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. గెయిల్, ఓఎన్‌జీసీ కూడా ఆ శాఖ కిందే. ఓఐఎస్‌డీలో పనిచేసేవాళ్ళు చమురు కంపెనీల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చేవాళ్ళు, మళ్ళీ అక్కడికే వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో నిజాయితీ లేదని నేను అనను, చాలామందికి నాకన్నా పని బాగా వచ్చు. కానీ రేపు తన బాస్ అయ్యే మనిషి కంట్రోల్ రూమ్‌లో రాత్రి రెండింటికి చెప్పాపెట్టకుండా తలుపు కొట్టమంటే ఎవరు కొడతారు?

నాకు కావలసింది అదే. రాత్రి రెండింటికి తలుపు కొట్టే రెగ్యులేటర్. ఫైలు అడగొద్దు. కుర్చీ పక్కన ఆరు గంటలు కూర్చోవాలి, ఎన్ని అలారాలు వచ్చాయో, ఎన్నిటికి చెయ్యి దానంతటదే కదిలిందో లెక్కపెట్టాలి. గత ఏడాది అనుమానం మీద ఎన్నిసార్లు లైను ఆపారో అడగాలి. ఒక్కసారీ ఆపలేదంటే దాన్ని మంచి రికార్డు అనుకోకుండా, నోటీసు ఇవ్వాలి. ఆపినవాళ్ళ ప్రమోషన్లు ఏమయ్యాయో చూడాలి. ఆపాక అది ఉత్తి ట్రాన్స్‌మీటరే అని తేలినా, ఆపినవాడికి చీవాట్లు పడకూడదన్నది చట్టంలో ఉండాలి, పోస్టర్ మీద కాదు.

ఇది చదివిన ఒక మిత్రుడు, ఇప్పటికీ ఆ ఫీల్డులోనే ఉన్నవాడు, విసుక్కున్నాడు. ‘‘అనుమానం వచ్చినప్పుడల్లా ఆపుకుంటూ పోతే పవర్ ప్లాంట్లు నడుస్తాయా, మీ ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుందా?’’ అని. న్యాయమైన ప్రశ్నే. ఆపడానికి ఖర్చుంది, కొన్నిసార్లు ఆపడమే ప్రమాదం కూడా. కానీ మార్షల్ లెక్క చూడు అన్నాను. చీలినప్పుడు ఆ లైను ఆపుతూనే ఉన్నారు, ప్లాన్ ప్రకారం పది గంటలు ఆగి ఉండాల్సిందే. ఎవరింట్లోనూ ఫ్యాన్ ఆగలేదు. కారణం తేలేదాకా మళ్ళీ స్టార్ట్ చేయకపోతే చాలు, పోయిన నూనెలో 81 శాతం గొట్టంలోనే ఉండేది. కారణం తేలకుండానే తెల్లవారుజామున లైను స్టార్ట్ చేయడానికి తొందరపడ్డవాళ్ళు తర్వాత దాన్ని సెప్టెంబర్ 27 దాకా, రెండు నెలలు, మూసిపెట్టారు.