దారి బతకాలంటే నడవాలి

మంచు దేశాల్లో కాపురమున్న మన పిల్లలు చలికాలంలో క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కు వెళ్తుంటారు. కాళ్ళకు సన్నటి పొడుగాటి పలకలు తగిలించుకుని, రెండు చేతికర్రలతో, చెట్ల నడుమ మైళ్ళకొద్దీ సొంత బలంతో సాగిపోయే ఆట అది. అక్కడి దారుల్లో చాలావాటిని యంత్రాలతో మంచు అణిచి సిద్ధం చేస్తారు. మా పావగడ తాలూకాలో మంచు మాట అటుంచి, వానే అంతంతమాత్రం. అయినా కొండదారులకు కొదవ లేదు. వాటిని వేసింది గొర్రెలూ, మేకలూ, వాటి వెంట నడిచే కాపరులూ.

చలికాలంలో ఈ వైపు వస్తే ఒక రోజు నిడుగల్లు కొండకు కేటాయించండి. నిడు అంటే పొడుగు, కల్లు అంటే రాయి. చోళుల్లో ఒక శాఖ ఇక్కడినుంచి ఏలింది. తాము కరికాలుడి వంశం వారమని శాసనాల్లో చెప్పుకున్నారు. వారి మరో రాజధాని హెంజేరు, నేటి హేమావతి, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ రాజులకు లేని సరిహద్దు మనకు వచ్చింది.

తెల్లవారేసరికి బయల్దేరాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, మధ్యాహ్నానికి సద్ది ఉండాలి. దారి తెలిసిన కాపరిని తోడు తీసుకోండి. ఇది ఎలుగుబంట్లు తిరిగే సీమ. చెదపురుగులు, రేగుపళ్ళు, ఈతపళ్ళు వాటికి ఇష్టం. బండల సందుల్లోకి తొంగిచూడకండి. మాట్లాడుకుంటూ నడవండి. పొద్దు వాలకముందే దిగిపోండి.

దోటి భుజాన వేసుకున్న కాపరి పక్కన నడిస్తే అడవి వేరుగా కనబడుతుంది. తంగేడు, బలుసు, కలివి, రేగు అని పేరుపేరునా చూపిస్తాడు. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రేగును కన్నడంలో ఎలచి అంటారు. చెట్టును చూడని పిల్లవాడికి రెండు పేర్లూ రావు.

ఇదే తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాల్లో సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలుతో మొదలైంది. కరువు నేలలో అది తక్కువ సొమ్మేమీ కాదు. అయితే కౌలు పట్టాదారుడికి వస్తుంది. కోత అయ్యాక ఆ పొలాల్లో మందను మేపుకున్నవాడికి మిగిలింది కంచె. మందలు తగ్గితే కొండదారులూ తగ్గుతాయి. నాలుగు వానాకాలాలు ఎవరూ తొక్కకపోతే ముళ్ళకంప కమ్మేస్తుంది.

పావగడకు వచ్చినప్పుడు శనిమహాత్ముని దర్శనం చేసుకుని అటునుంచటే బస్సెక్కకండి. మనవళ్ళతో ఒక కొండ ఎక్కండి. కాపరికి ఆ రోజు కూలి, భోజనం ఇవ్వండి. అతడు చెప్పిన చెట్ల పేర్లు పిల్లలచేత రెండు భాషల్లోనూ రాయించండి. ఆ కాగితాలు మన పత్రికకు పంపితే వచ్చే సంచికల్లో అందరం చదువుకుందాం.