విమానం ముట్టని ఇంజినీరు

నాలుగేళ్లు ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, ఒక్కసారి కూడా విమానం రెక్క మీద చెయ్యి వేయకుండానే పట్టా పుచ్చుకుని బయటికొస్తున్న పిల్లలు మన మధ్య ఉన్నారు. వాళ్లను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లను నిలువునా మోసం చేశారని చెప్పడానికి అంటున్నాను. ఫీజు కట్టించుకున్నారు, హాజరు వేశారు, ఇంటర్నల్ మార్కులు వేశారు, చివరి రోజున నల్లగౌను తొడిగి ఫొటో తీశారు. చదువు మాత్రం చెప్పలేదు.

విశాఖ బీచ్‌రోడ్డులో నౌకాదళం పక్కనపెట్టిన టీయూ-142 విమానాన్ని 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నడుపుతున్నారు. టికెట్ కొన్న ఆరేళ్ల పిల్లాడు కూడా లోపలికెళ్లి దాని పొట్ట ఎలా ఉంటుందో చూడొచ్చు. బయట నిలబడి, ఒకే ఇరుసు మీద ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగేలా జంటగా బిగించిన ప్రొపెల్లర్లను తల ఎత్తి చూడొచ్చు. ఆ పిల్లాడు చూసినంత విమానం కూడా చూడనివాళ్లకు మనం ఏరోనాటికల్ ఇంజినీర్లని పేరు పెడుతున్నాం.

ఇదెక్కడో విమానాల ఊసే లేని ప్రాంతంలో జరుగుతుంటే అర్థం చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో జరుగుతోంది! కంచన్‌బాగ్‌లో క్షిపణులు గీసే డీఆర్‌డీఎల్ ఉంది, దాని పక్కనే లోహాల గుట్టు విప్పే డీఎంఆర్‌ఎల్ ఉంది, ఆ లోహాలను కరిగించి పోసే మిధాని ఉంది. ఆదిభట్లలో సి-130జె రవాణా విమానాల తోకభాగాలు, అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు తయారవుతున్నాయి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు రోజూ చుట్టుపక్కల ఊళ్ల తలమీద తిరుగుతుంటాయి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచిన విక్రమ్-ఎస్ రాకెట్‌ను కట్టింది ఈ ఊరి కంపెనీయే. ఇంత పని ఊరి చుట్టూ జరుగుతుంటే, దాని పేరు చెప్పి సీట్లు అమ్ముకునే కాలేజీల్లో ల్యాబుకు తాళం ఉంటుంది.

ఆ తాళం నాకు తెలుసు. కొన్నేళ్లు ఏరోడైనమిక్స్ పాఠం చెప్పాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో విండ్ టన్నెల్ మోటారు కాలిపోయింది. రీవైండింగ్ చేయించండని కాగితాలు పెట్టాను, పెడుతూనే ఉన్నాను. ఆ ఏడాదే మెయిన్ గేటుకు కొత్త ఆర్చి కట్టారు. మోటారుకు మాత్రం డబ్బు రాలేదు. ఇన్‌స్పెక్షన్ ముందు టన్నెల్‌కు రంగు వేయించారు. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు దానికి పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. గాలి మాత్రం ఒక్కనాడూ వీయలేదు.

ఆ గాలి ఎందుకంత ముఖ్యమో తెలియనివాళ్లు ఈ కాలేజీలు నడుపుతున్నారు కాబట్టి చెప్తాను. టన్నెల్‌లో చిన్న రెక్క నమూనా బిగిస్తారు. దాని వీపు మీద ఊలు దారాలు అంటిస్తారు. గాలి వదిలి, గాలికి ఎదురుగా రెక్క నిలిచే కోణాన్ని కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. లిఫ్ట్ పెరుగుతూ వస్తుంది. దారాలు రెక్కను కరుచుకుని వెనక్కి వాలి ఉంటాయి. ఇంకొంచెం పెంచుతారు, ఇంకొంచెం. పదిహేను డిగ్రీల దాపుకు వచ్చేసరికి రెక్క వీపును అంటిపెట్టుకుని జారుతున్న గాలి తెగిపోతుంది. దారాలు గిలగిల్లాడి ముందుకు తిరగబడతాయి. మానోమీటర్ గొట్టాల్లో నీటిమట్టాలు ఒక్కసారిగా మారిపోతాయి. లిఫ్ట్ పడిపోతుంది. ఇదే స్టాల్. ఆకాశంలో ఇది జరిగి, తేరుకునేంత ఎత్తు లేకపోతే మనుషులు చనిపోతారు. పంతొమ్మిదేళ్ల పిల్ల తన చేత్తో కోణం తిప్పుతూ ఆ దారాలు తిరగబడటం చూస్తే ఆ పాఠం ఆమె జీవితాంతం మరిచిపోదు. బోర్డు మీద గీసిన వంపుగీత పరీక్ష అయిన మర్నాటికే పోతుంది.

టన్నెల్ నడవని చోట రీడింగులు ఎక్కడి నుంచి వస్తాయి? సీనియర్ల రికార్డు నుంచి. ఒకసారి రికార్డులు దిద్దుతుంటే పట్టికలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. దశాంశ బిందువు ఒక స్థానం తప్పి పడింది. పక్కవాడి రికార్డులోనూ అదే తప్పు, ఆ పక్కవాడిదీ అంతే. పాత బ్యాచ్‌ల రికార్డులు తీయించాను. వాటిలోనూ ఉంది. ఎవరో ఎప్పుడో నిద్రమత్తులో చేసిన తప్పును బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ అందంగా రాసుకుంటూ వచ్చింది. దానికి మార్కులు పడ్డాయి. ఎక్స్‌టర్నల్ వచ్చి సంతకం పెట్టి, భోంచేసి వెళ్లాడు. ఈ పిల్లలు రేపు విమాన భాగాల కొలతలు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరితే ఏం చేయాలి? ముందువాడు రాసిన అంకెనే మళ్లీ రాయాలా?

రైట్ సోదరులు ప్రపంచానికి విమానం ఇచ్చింది ఈ పని చేయనన్నందుకే. 1901లో వాళ్ల గ్లైడర్ లెక్క ప్రకారం ఎగరాల్సినంత ఎగరలేదు. పేరున్న పెద్దల పట్టికలు చేతిలో ఉన్నాయి, వాటిని నమ్మి ఊరుకోవచ్చు. వాళ్లు నమ్మలేదు. ఒహాయోలోని తమ సైకిల్ షాపుకెళ్లి ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక కొసన ఫ్యాను పెట్టి, రేకు ముక్కలతో చేసిన దాదాపు 200 రెక్క ఆకారాలను గాలిలో నిలబెట్టి కొలిచారు. 1903 డిసెంబరు 17న ఎగిరింది ఆ కొలతల బలంతోనే. ఇద్దరికీ హైస్కూలు సర్టిఫికెట్ కూడా లేదు. వాళ్ల దగ్గరున్నది చెక్కపెట్టె. కోట్ల ఫీజులు వసూలు చేసే మన యాజమాన్యాలకు ఒక చెక్కపెట్టె గతి లేదా?

డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. సతీశ్ ధవన్ కాల్టెక్‌లో డాక్టరేటు చేసి 1951లో బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చినప్పుడు ఈ దేశం ఇంతకంటే ఎన్నో రెట్లు బీదది. ఆయన అక్కడ చిన్న సూపర్‌సోనిక్ టన్నెల్ కట్టి పిల్లలతో పనిచేయించారు. అబ్దుల్ కలామ్ బొమ్మ లేని ఏరోనాటికల్ బ్రోచర్ నాకింతవరకు కనబడలేదు. కలామ్ గారు తన ఆత్మకథలో ఏం చెప్పుకున్నారో ఆ బ్రోచర్లు అచ్చు వేసినవాళ్లు చదివారా? మద్రాసు క్రోంపేటలోని ఎంఐటీలో, విమానంలోని వ్యవస్థలు చూపించడానికి రెండు పాత విమానాలు పెట్టారట. మిగతా పిల్లలు హాస్టలుకు వెళ్లిపోయినా ఆయన వాటి దగ్గరే కూర్చునేవారట. ఆయన్ను ఆ దారిలోకి లాగింది అవి! ఆయన బొమ్మ వేసుకున్నారు, ఆ రెండు విమానాలను వదిలేశారు.

ఇక నాలుగో ఏడాది ప్రాజెక్టు. అమీర్‌పేటలో దొరుకుతుంది. నాకా (NACA) 4412 రెక్క మీద ఫ్లో ఎనాలిసిస్ అని అడిగితే చాలు, రిపోర్టు, పీపీటీ, ఎరుపూ నీలం రంగుల ప్రెజర్ బొమ్మలు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి చేతిలో పెడతారు. సాఫ్ట్‌వేర్ ఏ అంకె ఇచ్చినా రంగుల బొమ్మ గీస్తుంది. మెష్ తప్పయినా గీస్తుంది, హద్దుల దగ్గర ఇచ్చిన విలువలు తప్పయినా గీస్తుంది. ఆ బొమ్మ నిజమో కాదో చెప్పాల్సింది టన్నెల్‌లో తీసిన కొలత. ఆ కొలత తీయడం నేర్పలేదు కదా! కొన్న పిల్లాడి మీద నాకు కోపం లేదు. మూడేళ్లు ఏమీ నేర్పకుండా నాలుగో ఏడు అద్భుతం చూపించమంటే వాడేం చేస్తాడు? కొన్నదని తెలిసి సంతకం పెట్టిన గైడు మీద, పెట్టమని ఒత్తిడి చేసిన యాజమాన్యం మీద నా కోపం.

సీటు అమ్మేటప్పుడు చెప్పే అబద్ధాలు వేరే. ఒక తల్లి కౌన్సెలింగ్ రోజుల్లో నన్ను పట్టుకుని, "సార్, ఇది చదివితే మావాడు పైలట్ అవుతాడటగా?" అని అడిగింది. ఎవరు చెప్పారమ్మా అంటే కాలేజీవాళ్లేనంది. కాదమ్మా. పైలట్ కావాలంటే ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండి, 200 గంటలు విమానం నడిపి, డీజీసీఏ పరీక్షలు పాసై సీపీఎల్ అనే పైలట్ లైసెన్సు తెచ్చుకోవాలి. ఈ బీటెక్‌తో దానికి సంబంధం లేదు. పోనీ, మరమ్మతు చేసిన విమానాన్ని ఎగరొచ్చని సంతకం పెట్టే ఉద్యోగమా? దానికి ఏఎంఈ లైసెన్సు కావాలి, ఆ చదువు వేరు, ఆ పరీక్షలు వేరు. ఇస్రోనా? సైంటిస్టు-ఇంజినీరు పోస్టులకు ఇస్రో వేసే పెద్ద నోటిఫికేషన్లు ప్రధానంగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లను అడుగుతాయి. అంతరిక్ష శాఖ 2007లో తిరువనంతపురంలో పెట్టిన ఐఐఎస్‌టీలో ఏరోస్పేస్ బీటెక్ ఉంది, దానికి దారి జేఈఈ అడ్వాన్స్‌డ్. ఎప్‌సెట్ ర్యాంకుతో ఆ తలుపు తెరుచుకోదు. ఈ నాలుగు ముక్కలు సీటు తీసుకునే ముందు చెప్పడం కాలేజీ ధర్మం. చెప్పరు. చెబితే సీట్లు నిండవు.

అప్పుడు కన్సల్టెన్సీ వాడు ప్రవేశిస్తాడు. ఇక్కడేముంది, అమెరికాలో ఏరోస్పేస్‌లో ఎంఎస్ చేయమంటాడు. గోడ మీద అంతరిక్షానికి వెళ్లొచ్చిన శిరీష బండ్ల ఫొటో, రాజా చారి ఫొటో. ఆ ఇద్దర్నీ చూసి గర్వపడదాం, తప్పేమీ లేదు. కానీ శిరీష చిన్నప్పుడే అమెరికా వెళ్లి అక్కడ పెరిగి పర్డ్యూలో చదివింది. రాజా చారి అక్కడే పుట్టాడు, వాళ్ల వైమానిక దళంలో అధికారి, తండ్రి మన తెలంగాణ నుంచి వెళ్లినవారు. వాళ్లు అమెరికన్ పౌరులు. అమెరికాకు ఐటార్ అని ఆయుధ సాంకేతికత మీద నిబంధనలున్నాయి. రాకెట్లు, యుద్ధ విమానాలు, వాటి డ్రాయింగులు, లెక్కలు ప్రత్యేక అనుమతి లేకుండా పరాయి దేశస్థుడికి చూపించకూడదు. పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే సరే. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన మన పిల్లాడి కోసం ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చే శ్రమ చాలా కంపెనీలు పడవు, అసలు దరఖాస్తు దగ్గరే ఆపేస్తాయి. చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, స్టెమ్ పొడిగింపు మరో రెండేళ్లు. ఆ గడియారం తిరుగుతుంటే రాకెట్ ఇంజిన్ల మీద థీసిస్ రాసిన పిల్లాడు జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరతాడు. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఈ నిబంధన సంగతి ముందుగా ఎవరు చెప్పారు? కన్సల్టెన్సీకి తెలుసు. తెలిసే దాచారు.

ఈ బ్రాంచి మూసేయమని నేను అనడం లేదు. ఈ చదువు ఈ దేశానికి కావాలి. 1961లో ఎగిరిన మన మారుత్ యుద్ధ విమానం చక్కటి ఆకారంతో పుట్టి, బలమైన ఇంజిన్ దొరక్క కుంటుపడింది. తేజస్ 2001 జనవరిలో మొదటిసారి ఎగిరింది. దానికోసమని తలపెట్టిన కావేరి ఇంజిన్ అందక, ఈరోజుకీ అమెరికా జీఈ ఇంజిన్‌తో ఎగురుతోంది. అన్నేళ్లూ కష్టపడ్డ శాస్త్రవేత్తలకు చేతులెత్తి దండం పెడతాను. వాళ్ల వెనక నిలబడాల్సిన వేలమంది పిల్లలను మనం ఖాళీ గదుల్లో కూర్చోబెట్టి పాడుచేశాం. టర్బైన్ బ్లేడు వేడికి ఎలా సాగుతుందో, రివెట్ రంధ్రం అంచున పగులు ఎలా మొదలవుతుందో చేత్తో తడిమి చూసినవాళ్లు కావాలి. బాల్సా చెక్కతో రెక్క కట్టి, దాని మీద ఒక్కొక్క ఇసుక సంచీ పెడుతూ, ఎక్కడ విరుగుతుందని తాము లెక్కగట్టారో అక్కడే విరిగిందా లేదా చూసుకున్నవాళ్లు కావాలి. నిజమైన విమానం రెక్కనూ అలాగే పరీక్షిస్తారు, దాని జీవితంలో రాగల అత్యధిక బరువుకు ఒకటిన్నర రెట్లు మోపి. కాన్పూర్ ఐఐటీలో సొంత రన్‌వే ఉంది, ఏరోస్పేస్ విద్యార్థి విమానంలో కూర్చుని ఎగురుతూ రీడింగులు తీసుకుంటాడు. మన పిల్లలకు రన్‌వే అడగడం లేదు. ఇసుక సంచీలు అడుగుతున్నాను.

యాజమాన్యాలు పిల్లలకే ఆసక్తి లేదంటాయి. తాళం వేసిన గది ముందు నిలబెట్టి ఆసక్తి లేదనడం అన్యాయం. కొలిమి రాజేయనివాడు ఇనుము వంగలేదని తిట్టినట్టుంది.

విమానాలకు కొరత లేదు. మిగ్-21లు 2025 సెప్టెంబరులో సెలవు తీసుకున్నాయి. ఎగరని పాత విమానాలను వైమానిక దళం విద్యాసంస్థలకు ఇవ్వడం కొత్తేమీ కాదు. వచ్చినదాన్ని గేటు ముందు దిమ్మె మీద ఎక్కించి సెల్ఫీలకు పెట్టకండి. కిందికి దించండి, షెడ్డు వేయండి, ప్యానెళ్లు విప్పించండి, కంట్రోలు కేబుళ్లు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో పిల్లల చేత గీయించండి. ఆదిభట్ల కంపెనీలు పనికిరావని పక్కన పడేసే భాగాల్లో, రహస్యం కానివాటిని కాలేజీలకు ఇవ్వాలి. ఎందుకు పనికిరాకుండా పోయిందో కనిపెట్టడమే ఒక సెమిస్టరు పాఠం. ప్రతి ల్యాబులో ఏ యంత్రం ఏ రోజు ఎన్ని గంటలు నడిచిందో రాసే లాగ్‌బుక్ ఉండాలి, దాన్ని యూనివర్సిటీ అందరికీ కనబడేలా పెట్టాలి. లాగ్‌బుక్ ఖాళీగా ఉన్న కాలేజీకి ఆ బ్రాంచిలో ఒక్క సీటు కూడా ఇవ్వకూడదు.

యూనివర్సిటీ ఈ పని చేసేదాకా తల్లిదండ్రులు ఆగనక్కర్లేదు. ఈ ఏడాది కౌన్సెలింగ్‌కు ముందే కాలేజీకి వెళ్లండి. ఆర్చి చూడకండి, బ్రోచర్ తీసుకోకండి. ఏరోడైనమిక్స్ ల్యాబు తాళం తీయమనండి. టన్నెల్ స్విచ్ వేయమనండి. మోటారు తిరగకపోతే వెబ్ ఆప్షన్లలో ఆ కాలేజీ కోడ్ కొట్టేయండి.