కడిగిన తివాచీకి ముక్కవాసన ఎందుకు?

కళాశాల వార్షిక సంచికలో తివాచీల గూర్చి వ్యాసమేమిటని చదువరులకు తోచవచ్చు. సాహిత్యానికి, విజ్ఞానశాస్త్రానికి, జాతీయ సమైక్యతకు కేటాయించవలసిన పుటలను ఇట్టి అల్ప విషయానికి వెచ్చించడం ఉచితమా అని యాజమాన్య సంఘంలోని పెద్దలు కూడ ప్రశ్నించవచ్చు. కాని గత వర్షకాలం నుండి మన ప్రార్థన గదిలో నమాజు చేసే విద్యార్థుల సంఖ్య తగ్గింది. వరండాలో స్వంత జానమాజులు పరచుకొనే వారి సంఖ్య పెరిగింది. కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. శ్రావణమాసపు ముసురులో తివాచీ కడిగించారు. కడిగించిన వారం తిరగక మునుపే ముక్కవాసన మొదలైంది. నేటికీ పోలేదు.

ఇతర గదులలో ఇట్టి వాసన ఉంటే కూర్చున్నవారు ముఖం చిట్లించి ఊరుకొంటారు. నమాజులో ఆ వీలు లేదు. సజ్దాలో నుదురూ నాసికా రెండూ నేలకు ఆనవలసినవే. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మసీదుకు రావద్దని మహాప్రవక్త (స.అ.స.) వారు వారించిన సంగతి మన ముస్లిం విద్యార్థులందరికీ తెలిసినదే. తోటివాని నోటి వాసన విషయంలోనే అంత పట్టింపు ఉన్న చోట, నుదురు మోపే నేల వాసనను చిన్న విషయమని ఎట్లా కొట్టివేయగలము?

ఈ విషయమై కళాశాలలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కడిగినవారు నాసిరకం సబ్బుమందు వాడారని మొదటి పక్షం. తివాచీయే పాతబడినది, దానిని తీసివేసి గోడ నుండి గోడ వరకు జిగురుతో అంటించే క్రొత్త తివాచీ వేయించాలని రెండవ పక్షం. సంఘంలో రెండవ పక్షానికే మొగ్గు ఉన్నదని వినికిడి. నా అభిప్రాయంలో రెండూ సరి కావు. తప్పు సబ్బుది కాదు, తివాచీ వయస్సుది కాదు, ఆరని నీటిది. ఆ నీటి సంగతి చూడకుండ ఎంత ఖరీదైన తివాచీ వేసినా, దానిని మొదటిసారి కడిగించిన నాడే మరల ఇదే స్థితి వస్తుంది.

కృష్ణా డెల్టాలో పుట్టిన వారికి ఇది బొత్తిగా క్రొత్త విషయం కాదు. ముక్కిపోవడం అనే మాటను మనం బియ్యం విషయంలోనే మొదట నేర్చుకొంటాము. పచ్చి ధాన్యం బస్తాలకెత్తితే ఏమవుతుందో రైతుబిడ్డలందరికీ ఎరుకే. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే ధాన్యం వెనుకకు వస్తుంది. మన పొరుగున కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను సన్నని సెగపై ఆరబెట్టి, అందలి తేమ పోయిన పిమ్మటనే ఉలి పెడతారు. ధాన్యానికీ కర్రకూ ఇంత జాగ్రత్త వహించే ప్రాంతంలో, వందల చదరపు అడుగుల తివాచీని నీటితో తడిపి, పంకా వేసి, సాయంత్రానికి ఆరిపోయిందని తలుపు తాళం వేయడం ఆశ్చర్యమే.

తివాచీలు శుభ్రపరచడం వృత్తిగా గలవారు సాధారణంగా వేడినీటిని యంత్రంతో లోనికి చిమ్మి, వెంటనే ఆ మురికి నీటిని పీల్చివేస్తారు. దీనికి స్టీమ్ క్లీనింగ్ అని పేరు గాని, అందులో ఆవిరికంటె నీరే ఎక్కువ. చిమ్మిన నీటినంతా యంత్రం తిరిగి పీల్చలేదు. నీరు ఆపి, ఉత్త పీల్పుతోనే రెండు మూడు మారులు అదనంగా లాగితే మరికొంత వస్తుంది. తొందరలో ఉన్న పనివాడు మొదట మానివేసేది ఆ అదనపు లాగుళ్లనే. మిగిలిన నీరు పై పోగులలో నిలువక అడుగుకు దిగుతుంది. అక్కడ నూలు పడుగుపేకలో, జనపనార పట్టో ఉంటుంది. దాని క్రింద మెత్తదనానికి వేసిన స్పాంజి పొర ఉంటే అది నీటిని పట్టి ఉంచుతుంది.

చేతితో తాకి చూడడం ఇక్కడ నమ్మదగిన పరీక్ష కాదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడ చేతికి తడిగా తోచదు. పాలీప్రొపిలీన్ పోగుల సంగతి దీనికి విరుద్ధం. అవి నీటిని దాదాపు పీల్చనే పీల్చవు గనుక పైన ఇట్టే ఆరిపోతాయి, అడుగున జనపనార మాత్రం నానుతూనే ఉంటుంది. రెండు సందర్భాలలోనూ మోసపోయేది చేయియే.

తడిసిన వస్తువును 24 నుండి 48 గంటలలోగా పూర్తిగా ఆరబెట్టాలని, లేనిచో బూజు పుట్టవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతున్నది. గదిలోని గాలి తేమ 60 శాతానికి లోపల ఉంచమని కూడ ఆ సంస్థ సలహా. వర్షకాలంలో మన ఇబ్రహీంపట్నంలో బయటి గాలిలోనే అంతకంటె ఎక్కువ తేమ ఉంటుంది. అట్టి రోజున కిటికీలు బార్లా తెరచి తివాచీ ఆరబెట్టడం, తడి తువ్వాలుతో తల తుడుచుకోవడం వంటిది. బూజు పెరుగుతూ విడుదల చేసే వాయువులలో 1-ఆక్టెన్-3-ఓల్ ఒకటి. పుట్టగొడుగులకు ఆ వాసన నిచ్చేది కూడ ఇదే. తొలకరి వేళ మనకు హాయి గొలిపే మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ కూడ సూక్ష్మజీవుల సృష్టియే. కనౌజ్‌లో మట్టివాసన నుండి అత్తరు తీస్తారు! అదే జాతి వాసన తివాచీలో పుడితే ఎవరూ సీసాలో పట్టరు.

ఇది కేవలం ముక్కుకు సంబంధించిన ఇబ్బంది కూడ కాదు. చెమ్మ, బూజు గల భవనాలలో ఉండేవారికి ఉబ్బసము, ఇతర శ్వాస సంబంధమైన బాధలు అధికంగా కలుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలలో పేర్కొన్నది. మన విద్యార్థులలో ఉబ్బసంతో బాధపడేవారు లేకపోలేదు.

సబ్బు పక్షం వారి వాదనలో కొంత సత్యం ఉన్నదని ఒప్పుకోవాలి. సరిగా జాడించని సబ్బు పోగులలో జిగటగా మిగిలి దుమ్మును పట్టుకొంటుంది. అయితే దుమ్ము సంగతి సబ్బుకు ముందే చూడవలసినది. థర్మల్ విద్యుత్కేంద్రమూ, రాత్రింబవళ్లు లారీలు నడిచే రహదారీ గల ఊరు మనది. తివాచీని మొదట బాగుగా దులపకుండ, యంత్రంతో దుమ్ము లాగకుండ నీరు చిమ్మితే అడుగున తయారయ్యేది బురద. ఆ బురద ఆరడానికి మరింత కాలం పడుతుంది.

ఇప్పుడు చేయవలసిన దేమిటి? మొదట వాసన ఎక్కడిదో కనుగొనాలి. తడి ఉన్నికి దాని స్వంత వాసన ఒకటి ఉంటుంది. అది ఆరగానే పోతుంది, దానికి భయపడనక్కరలేదు. ఆరినట్లుండి ముసురు పట్టిన ప్రతిసారీ తిరిగి వచ్చేది మాత్రం బూజు వాసన. మన గది వాసన ఈ రెండవ రకం. కావున తివాచీ అంచు పట్టి ఎత్తి అడుగు చూడాలి. స్పాంజి పొరకు మచ్చలు పడి ఉంటే దానిని కడిగి ప్రయోజనం లేదు, పారవేయవలసినదే. మన ప్రార్థన గది నేలమట్టపు అంతస్తులో ఉన్నది గనుక గచ్చును కూడ అనుమానించాలి. అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు ప్రక్కలా పట్టీతో గచ్చుకు అంటించి ఒక రాత్రి, ఒక పగలు ఉంచితే చాలు. లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ నేలలో నుండి వస్తున్నదన్నమాట. అప్పుడు తివాచీని ఎన్నిమార్లు కడిగినా నిష్ఫలం, ముందు మేస్త్రీని పిలవాలి.

గచ్చు పొడిగా ఉంటే పని సులభం. ఫాల్గుణ, చైత్ర మాసాల ఎండలో తివాచీని డాబా మీదికి చేర్చి, నేలపై పరచక, ఇటుకలపైనో మంచాలపైనో వెన్ను పైకి ఉండేట్లు వేయాలి. క్రింద గాలి ఆడాలి. రంగులు వెలసిపోకుండ ముఖభాగాన్ని మాత్రం ఎండకు ఎక్కువసేపు ఉంచరాదు. పూర్తిగా ఆరిన తరువాత కూడ వాసన కొద్దిగా మిగిలితే, తెల్ల వెనిగర్‌ను మూడు నాలుగింతల నీటిలో కలిపి, ముందు ఒక మూల పరీక్షించి, పలుచగా చల్లి మరల ఆరబెట్టవచ్చు. వంటసోడా చల్లి ఒక రాత్రి ఉంచి యంత్రంతో లాగివేయడమూ మంచిదే. అది వాసనను పీల్చుతుంది గాని బూజును చంపదు. బ్లీచింగ్ మాత్రం ఉన్ని దరిదాపులకు రానీయరాదు, అది ఉన్నిని కరగించివేస్తుంది. ఇక మనం ఇంతవరకు చేస్తూ వచ్చిన వైద్యం అత్తరు చల్లడం, సాంబ్రాణి వేయడం. బూజుపై గులాబీ అత్తరు చల్లితే పుట్టే మూడవ వాసనను వర్ణించడానికి నాకు మాటలు చాలవు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లు మునిగినప్పుడు తడిసిన తివాచీలను కొందరు నేటికీ కడిగించి వాడుతున్నారు. ఆ సంగతి వేరు. మురుగు కలిసిన వరదనీటిలో రోజుల తరబడి నానిన తివాచీకి పైన చెప్పిన చికిత్సలేవీ వర్తించవు. దానిపై ఎంత మమకారం ఉన్నా వదలుకోవడమే క్షేమం.

గోడ నుండి గోడ వరకు అంటించే ప్రతిపాదన పై నా అభ్యంతరం ఇక్కడే. తివాచీ మన ప్రాంతానికి పరాయిది కాదు. ఏలూరులో తివాచీ నేతగాండ్రు తమ పూర్వులు పారశీకం నుండి వచ్చినవారని చెప్పుకొంటారు. మచిలీపట్నం తివాచీలను జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో తన గ్రంథంలో ప్రస్తావించాడు. ఇంత తేమ గల తీరంలో ఆ తివాచీలు తరాల తరబడి నిలిచినవంటే, వాటిని చుట్టి ఎత్తే వీలుండడమే ముఖ్య కారణమని నా నమ్మకం. పరచేవారు, దులిపేవారు, ఎండకు వేసేవారు, చుట్టి అటకకెక్కించేవారు. మన తాతల నాటి పెండ్లిపందిళ్లలో జంఖానాలకూ అదే మర్యాద. జిగురుతో అంటించిన దానిని ఎవరెత్తుతారు? దాని వెన్నుకు ఎండ ఎన్నడు తగులుతుంది? వరుసకు ఒకటి చొప్పున, ఇద్దరు విద్యార్థులు చుట్టి మోయగల పొడవాటి పట్టాలు కొంటే ఖర్చు కూడ మించదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు నూలు జంఖానాలను కూడ సంఘం వారు పరిశీలించవచ్చును.

కడిగించే ఒప్పందం పద్ధతి కూడ మారాలి. నేడు కడిగిన సాయంత్రమే పైకం చెల్లిస్తున్నాము. కడగడానికి సగం, 48 గంటల తరువాత అడుగుభాగం పరీక్షించిన మీదట మిగిలిన సగం చెల్లిస్తామని వ్రాసుకొంటే, ఆ అదనపు లాగుళ్లు వాటంతట అవే జరుగుతాయి. వర్షకాలంలో తప్పనిసరియై కడిగించవలసి వస్తే తలుపులు మూసి ఏసీని డ్రై పద్ధతిలో నడిపి, నేల వారగా గాలి విసరే పంకాలు రెండు రోజులు ఆపకుండ ఉంచాలి. ఆ కరెంటు ఖర్చు మన ఖాతాలో వ్రాసుకోవలసినదే.

కాలం విషయంలో ఒక హెచ్చరిక. రంజానుకు ముందు షాబాన్‌లో తివాచీలు కడిగించడం మన ఆనవాయితీ. 2026లో రంజాను ఫిబ్రవరిలో వచ్చింది గనుక ఆ ఆనవాయితీ ఋతువుతో కలిసివచ్చింది. కాని చాంద్రమానం ప్రకారం రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి వస్తుంది. 2035 నాటికి నవంబరు మొదటికి చేరుతుంది. అప్పుడు షాబాన్ అంటే అక్టోబరు, అనగా మన తీరానికి తుఫానుల కాలం. ఆ తరువాత కొన్నేండ్లకు వానాకాలం నడుమకే వస్తుంది. కడిగించే పనిని ఇప్పటినుండే షాబాన్ నుండి విడదీసి ఏటా మార్చి నెలకు స్థిరపరచి, రంజానుకు ముందు పొడిగా దులిపించడంతో సరిపెట్టుకోవాలని నా మనవి.

మరొక చిన్న సంగతి. వజూ చేసి తడికాళ్లతో వచ్చేవారి వల్ల గుమ్మం వద్ద మొదటి రెండు గజాల తివాచీ రోజుకు ఐదుమార్లు తడుస్తున్నది. అక్కడ కాళ్లు తుడుచుకొనే నూలుపట్టాలు నాలుగు వేసి, వాటిని దినదినము మార్చి ఎండవేసే బాధ్యతను విద్యార్థులమే వంతులవారీగా వహించగలము; దీనికి సంఘం తీర్మానం కూడ అక్కరలేదు.