ముందు బండి, ఆ తర్వాతే టీషర్టులు



సుబేదారి నుంచి మేడారం దాకా సైకిల్ యాత్ర అనగానే గ్రూపులో మొదటి గొడవ టీషర్టు రంగు మీదనే అయింది. వెంట వచ్చే బండి గురించి మాత్రం ఎవరూ మాట్లాడలే. ఒకరిద్దరు మాట్లాడినా, "బండి ఎందుకు, సైకిల్ యాత్రంటే సైకిల్ మీదనే పోవాలె" అన్నరు. మా హాస్టల్ వాళ్లం దీనికి ఒప్పుకోం.

దూరం దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు దాకా ఫర్వాలేదు, ఎక్కడైనా ఒక హోటలో, పంచర్ షాపో దొరుకుతది. పస్రా దాటినంక అడవి. అక్కడ ట్యూబ్ పేలినా, ఎవరికన్నా కళ్లు తిరిగినా ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. మనలో సగం మందివి గేర్లు లేని పాత సైకిళ్లు, అది కూడా మర్చిపోవద్దు.

సాయం తీసుకుంటే పరువు పోతదనే ఆలోచన పాతదే. 1913లో టూర్ డి ఫ్రాన్స్ పందెంలో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఆయన సైకిల్ ఫోర్క్ విరిగింది. బయటి సాయం వద్దని రూలు. సైకిల్ మోసుకుంట కొండ దిగి, ఒక కమ్మరి కొలిమిలో తనే బాగుచేసుకున్నడు. ఒక పిల్లగాడు తిత్తి ఊదిండని దానికి కూడా జరిమానా టైం వేసిన్రు! ఇప్పుడు అదే పందెంలో టీమ్ కార్లు వెంటనే ఉంటయి. దాదాపు 4,800 కిలోమీటర్ల రేస్ అక్రాస్ అమెరికాలో అయితే రాత్రిపూట వెనక బండి లేకుంటే తొక్కనియ్యరు. కొన్ని టీములు వంట, పడక అన్నీ ఉండే మోటార్‌హోమ్‌నే తెచ్చుకుంటయి. 2017లో ఆ పందాన్ని ఒంటరిగా పూర్తిచేసిన మొదటి భారతీయుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్ వెనక కూడా ఒక టీమ్ ఉంది.

మనకేమన్నా కొత్తనా ఇది? మేడారం జాతరకు మన తాతలు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేటోళ్లు. బియ్యం, గిన్నెలు, పిల్లలు అన్నీ బండి మీదనే, రాత్రి దాని కిందనే నిద్ర. లంబాడోళ్ల పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన రోజుల్లో తండా మొత్తం వెంట నడిచేది. మోటార్‌హోమ్ అనే పేరు ఒక్కటే మనకు కొత్త.

ట్రాలీ ఆటో చవక అంటున్రు. కానీ సరుకు బండిలో మనుషులను ఎక్కించుడు చట్టానికి విరుద్ధం. అలసినోళ్లను ఎక్కించుకోరాని బండి మనకెందుకు? తుఫాన్ మాట్లాడుదాం, పైన క్యారియర్ మీద సైకిళ్లు కట్టొచ్చు. నీళ్ల క్యాన్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ట్యూబులు, పంపు, స్పానర్లు, గ్యాస్ పొయ్యి, బియ్యం పెట్టుకోవాలె. రెండు టార్పాలిన్లు కూడా కావాలె, ఒకటి పడుకోను, ఒకటి ఆడపిల్లలు బట్టలు మార్చుకునే మరుగుకు. ములుగు దాకా బండి 10 కిలోమీటర్లు ముందు పోయి ఆగాలె. పస్రా నుంచి మాత్రం అందరికన్నా వెనకున్నోళ్ల వెనకనే రావాలె. జాతర రోజులు వద్దు, ఆ ట్రాఫిక్‌లో సైకిల్‌కు, బండికి పొత్తు కుదరదు.

ఇక అసలు మాట. బండిలో ఎవరు? "అక్కలు వంట చూసుకుంటరు, జూనియర్లు సామాను చూసుకుంటరు" అని ఒక అన్న రాసిండు. మరి తొక్కేది ఎవరన్నా? ఫొటోలో ఎవరు, పొయ్యి కాడ ఎవరు అనేది ముందే రాసిపెట్టుకుంటే, బయట మనం అడిగే సమానత్వం ఏ మొఖం పెట్టుకొని అడుగుతం? పూటకు నలుగురు చొప్పున అందరూ బండి పని చెయ్యాలె, సీనియర్లు కూడా. ఇట్ల చేస్తే ఇంకో లాభం ఉంది. 18 మందికి 14 సైకిళ్లే చాలు. సైకిల్ కొనే స్తోమత లేదని పేరు ఇయ్యనోళ్లు కూడా రావచ్చు.

టీషర్టుల కోసం వేసుకున్న పైసలు బండి కిరాయికి, డీజిల్‌కు పెడదాం. మిగిలితే టీషర్టుల సంగతి చూద్దాం. ఈ పోస్టు కింద మీ పేరు రాయండి. పక్కనే ఏ పూట తొక్కుతరో, ఏ పూట పొయ్యి కాడ ఉంటరో రెండూ రాయండి.